8.8.8.8 పెట్టెయ్ అనేవాళ్ళతో నా పేచీ

గుంటూరులో నెట్ స్లోగా ఉందని ఎవరితోనైనా అని చూడండి, మీ మాట పూర్తికాకముందే జవాబొచ్చేస్తుంది: "8.8.8.8 పెట్టెయ్ అన్నా, దూసుకుపోతుంది." సైటు తెరుచుకోకపోయినా అదే సలహా, వీడియో ఆగి ఆగి వస్తున్నా అదే, చివరికి వైఫై సిగ్నల్ పక్క గదిలోకి రాకపోయినా అదే. ఆ నాలుగు ఎనిమిదులూ ఒక డీఎన్ఎస్ సర్వరు అడ్రసు, అంటే సైటు పేరు చెబితే దాని అంకెల అడ్రసు వెతికిపెట్టే కంప్యూటరుది. అవి గూగుల్‌వని చాలామందికి తెలుసు. కానీ అవి పెట్టాక కంప్యూటర్లో నిజంగా ఏమైనా మారిందా, మారితే ఇంతకుముందు జవాబు చెబుతున్నదెవరు, ఇప్పుడు చెబుతున్నదెవరు అని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు.

నాకు గూగుల్ మీద కోపమేమీ లేదు. చూడకుండా పెట్టేయడం మీదే కోపం. డీఎన్ఎస్ మార్చామంటే, మనం ఏ సైటుకి వెళ్తున్నామో ఆ సంగతి రోజంతా ఎవరి చెవిలో వేయాలో నిర్ణయించామన్నమాట. స్పీడు పెరిగితే పెరుగుతుంది, పెరక్కపోవచ్చు కూడా, అది తర్వాతి సంగతి. పైగా విండోస్ బదులు లినక్స్ వాడేవాళ్ళకి ఇందులో మిగతావాళ్ళకి లేని వీలు ఒకటుంది. ప్రశ్న ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారింది, ఎటు పోయింది అన్నది మొదటి నుంచి చివరిదాకా మన కళ్ళతో మనం చూసుకోవచ్చు. అది వదిలేసి నాలుగంకెలు కొట్టి చేతులు దులుపుకోవడానికైతే లినక్స్ ఎందుకు?

నేను గుంటూరు, విజయవాడల్లో చిన్న చిన్న ఆఫీసులకి కంప్యూటర్లు చూసిపెడుతుంటాను. ఆడిటర్లు, డీటీపీ షాపులు, మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లు. విండోస్ 7 దగ్గరే ఆగిపోయిన పాత మిషన్లు చాలావాటికి లినక్స్ మింటో, ఉబుంటువో, డెబియనో ఎక్కించింది నేనే. ఎక్కించిన పాపానికి నెట్ ఆగితే ఫోనొచ్చేదీ నాకే. కాబట్టి ఈ డీఎన్ఎస్ గొడవ నాకు పుస్తకాల్లో తెలిసింది తక్కువ, కొట్ల మెట్లెక్కి దిగి తెలిసిందే ఎక్కువ.

అసలు డీఎన్ఎస్ అంటే ఏమిటని అడిగేవాళ్ళకి నేను బ్రాడీపేట చూపిస్తాను. అక్కడ అడ్రసంటే 4/7, అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. ఆ అంకెలు తెలిస్తే ఎవర్నీ అడక్కుండా నడిచి వెళ్ళిపోవచ్చు. పేరు మాత్రమే తెలిస్తే, ఫలానా వకీలు గారి ఇల్లెక్కడండీ అని మూల మీది కొట్టులో అడగాలి. కంప్యూటర్లు వెళ్ళేది అంకెల అడ్రసుకి, మనకి గుర్తుండేది పేరు, మధ్యలో ఆ కొట్టు ఆయన డీఎన్ఎస్ సర్వరు. మీరు రోజూ ఎవరింటికి వెళ్తున్నారో ఆయనకి తెలుస్తుంది. ఆయన తప్పు చెబితే తప్పు గుమ్మం ఎక్కుతారు. ఆయన కొట్టు కట్టేస్తే వకీలు గారిల్లు పది గజాల దూరంలో ఉన్నా మీకు దొరకదు.

1983కి ముందు ఈ కొట్టే లేదు. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫీన్లర్ అనే ఆవిడ నడిపిన కేంద్రం పేర్లూ అంకెలూ ఉన్న ఒకే ఒక్క ఫైలు చూసుకునేది, దేశమంతా దాన్ని కాపీ చేసుకునేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ పద్ధతి కుదరక పాల్ మాకపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించారు. పాత ఫైలు మాత్రం చావలేదు. మీ లినక్స్‌లో ఈటీసీ ఫోల్డరు తెరిస్తే హోస్ట్స్ అనే పేరుతో ఇప్పటికీ ఉంటుంది, మామూలుగా కంప్యూటరు ముందు దాన్ని చూసి, అందులో లేకపోతేనే బయటికి అడుగుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే డిగ్ అనే పనిముట్టు ఆ ఫైలును పట్టించుకోకుండా నేరుగా సర్వర్నే అడుగుతుంది. బ్రౌజరు ఒక చోటికి వెళ్తూ, డిగ్ ఇంకో అడ్రసు చూపిస్తే దెయ్యం పట్టిందనుకోకండి, హోస్ట్స్ ఫైల్లో ఎవరో ఎప్పుడో రాసిన గీత ఉండి ఉంటుంది. బ్రౌజరుకి వచ్చే జవాబే కావాలంటే గెటెంట్ అనే కమాండుతో అడగాలి. ఇంకో తిరకాసు, ఫైర్‌ఫాక్స్‌లో సొంత డీఎన్ఎస్ సెట్టింగు విడిగా ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే కింద సిస్టమ్‌లో మీరెంత మార్చినా బ్రౌజరు తన దారి తనదే.

ఇక యార్డు సంగతి. మిర్చి సీజను ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక కమీషన్ కొట్టు నుంచి గుమస్తా గారు ఫోన్ చేశారు. "తమ్ముడూ, లారీ లోడైపోయింది, ఈ-వే బిల్లు తెగట్లేదు, డ్రైవరు గోల చేస్తున్నాడు, నువ్వెక్కడున్నా వచ్చెయ్." యాభై వేలు దాటిన సరుకు ఆ బిల్లు లేకుండా రోడ్డెక్కకూడదు. వెళ్ళేసరికి గుమ్మం దాకా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, పేర్చి ఉన్నాయి, ఘాటుకి కళ్ళలో నీళ్ళు, కీబోర్డు సందుల్లో ఎర్రటి పొడి. తెర మీద జీఎస్టీ పేజీ సగం వచ్చి తిరుగుతోంది, ఇంకాసేపటికి సెషన్ అయిపోయిందంటుంది, మళ్ళీ మొదటికి. ఓనరు గారి మేనల్లుడు పొద్దునే ఆ మందు వేసేశాట్ట. డీఎన్ఎస్ సర్వర్ల అంకెలు ఉండే రిజాల్వ్.కాన్ఫ్ అనే ఫైలు తెరిచి 8.8.8.8 రాశాడు, పనిచేసింది, గంట తర్వాత కరెంటు పోయి వచ్చింది, రాసింది ఎగిరిపోయింది. "లినక్స్‌లో ఏదీ నిలవదు సార్" అని నాకే చెప్పాడు.

ఆ మిషన్లో ఉన్నది డెబియన్. ఫైలు తెరిస్తే పైనే రాసి ఉంది, దీన్ని నెట్‌వర్క్ మేనేజర్ అనే, కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రాము తయారుచేసిందని. కింద రెండు సర్వర్ల అంకెలు, రెండూ నెట్ ఇచ్చే కేబుల్ వాళ్ళవి, రౌటరు ద్వారా వచ్చినవి. మొదటిది చచ్చి ఉంది, రెండోది బతికే ఉంది. మరి రెండోది ఉండగా పేజీ ఎందుకు రావట్లేదు? ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. లినక్స్‌లో పేర్లు వెతికే లైబ్రరీ, అంటే జీలిబ్‌సీ, ఆ సర్వర్లని వరసలో అడుగుతుంది. మొదటి సర్వరు పలక్కపోతే ఐదు సెకన్లు ఆగి, అప్పుడు రెండోదాని దగ్గరికి పోతుంది. పోయినసారి మొదటిది చచ్చి ఉందన్న జ్ఞాపకం దానికి ఉండదు, ప్రతి కొత్త పేరుకీ మళ్ళీ ఐదు సెకన్లు. ఒక ప్రభుత్వ పేజీ తెరవడానికి బొమ్మలకొక పేరు, క్యాప్చాకొక పేరు, లాగిన్‌కొక పేరు, అన్నిటికీ ఐదేసి సెకన్లు కలిపితే సెషన్ అయిపోక ఏమవుతుంది? నెట్ స్లో అని జనం అనేదాంట్లో మంచి వాటా ఈ ఐదు సెకన్లదేనని నా అనుమానం.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రెండో వరసలో రాసిన సర్వరు సందేహ నివృత్తి కోసం కాదు. మొదటి సర్వరు "ఆ పేరుతో ఎవరూ లేరు" అని చెబితే కంప్యూటరు దాన్నే నమ్మి ఊరుకుంటుంది, రెండోదాన్ని అడగనే అడగదు. పైన కేబుల్ వాళ్ళది, కింద గూగుల్‌ది రాసుకుని, పైవాడు అబద్ధం చెబితే కిందివాడు నిజం చెబుతాడనుకుంటే కుదరదు. అలాంటి సర్వర్లు ఎన్ని రాసినా జీలిబ్‌సీ చూసేది మూడింటినే.

ఆ రోజు చేసింది పెద్ద పనేం కాదు. నెట్‌వర్క్ మేనేజర్‌లో ఆ కేబుల్ కనెక్షన్ సెట్టింగులు తెరిచి, డీఎన్ఎస్ దగ్గర ఆటోమేటిక్ తీసేసి, క్వాడ్9 అనే సంస్థ సర్వరు 9.9.9.9, దాని కింద క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీది 1.1.1.1 రాసి, కనెక్షన్ ఒకసారి ఆపి మళ్ళీ కలిపాను. బిల్లు తెగింది, లారీ కదిలింది. కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేసి మీ మొదటి సర్వరు పలకట్లేదండీ అంటే "మా వైపు అంతా ఓకే సార్, రౌటరు రీస్టార్ట్ చేయండి" అన్నారు. మేనల్లుడు వేసిన మందుకీ నేను వేసినదానికీ తేడా అంకెల్లో లేదు, ఎక్కడ రాశామన్నదాంట్లో ఉంది. ఆ కుర్రాడు రాసింది ఎవరో తయారుచేసిన కాపీ మీద, కనెక్షన్ కొత్తగా కలిసినప్పుడల్లా ఆ కాపీ మళ్ళీ తయారవుతుంది. నేను రాసింది ఆ కాపీని తయారుచేసేవాడి దగ్గర.

విజయవాడ పటమటలో నాకొక స్నేహితుడున్నాడు, కంప్యూటర్ల పనిలో నాకన్నా సీనియరు. వాడి పద్ధతి వేరు. రిజాల్వ్.కాన్ఫ్‌లో తనకి కావలసింది రాసేసి, చాట్ర్ ప్లస్ ఐ అనే కమాండు కొట్టి ఆ ఫైలుకి తాళం వేసేస్తాడు, ఇక అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజరైనా సరే తాళం తీయకుండా దాన్ని మార్చలేడు. "ఎవడు రాస్తే నాకేంటిరా, ఇక ఎవడూ రాయలేడు" అంటాడు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ తాళం సంగతి ఆర్నెల్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? రేపు ఆఫీసు వాళ్ళు వీపీఎన్, అంటే బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి కలిపే దారి, పెడతారు, లోపలి సర్వర్ల పేర్లు చెప్పే డీఎన్ఎస్ అది తెచ్చుకుంటుంది, తాళం ఉండటంతో రాయలేకపోతుంది, లెక్కలు రాసే టాలీ సర్వరు కనబడట్లేదని ఫోనొస్తుంది. అప్పుడొచ్చే మనిషి వాడు కాకపోతే, ఫైలు మామూలుగానే కనిపిస్తూ మార్చనివ్వకపోవడం చూసి జుట్టు పీక్కుంటాడు. పోట్లాడాల్సింది ఫైలుతో కాదని నేను, ఫైలే చివరి మాటని వాడు. ఈ వాదన మా మధ్య ఏళ్ళుగా నడుస్తోంది.

నిజానికి ఉబుంటు, మింట్‌లలో ఆ ఫైలు చివరి మాట కూడా కాదు. తెరిచి చూడండి, 127.0.0.53 అని ఒకే అంకె ఉంటుంది. అది బయటి సర్వరు కాదు, మీ కంప్యూటరే. లోపల సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే మధ్యవర్తి కూర్చుని, ప్రోగ్రాములన్నీ అడిగేవి తను తీసుకుని, బయట ఎవర్ని అడగాలో తను తేల్చుకుంటుంది. ఫెడోరా అనే ఇంకో లినక్స్ కూడా 2020లో, 33వ విడుదల నుంచి ఈ దారికే వచ్చింది. దీన్ని తిట్టేవాళ్ళు చాలామంది, మా పటమట వాడితో సహా. నాకు మాత్రం ఇది నచ్చుతుంది, ఎందుకంటే రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ అని కొడితే ఏ కనెక్షనుకి ఏ సర్వరు, ఇప్పుడు ఎవర్ని అడుగుతోంది అన్నీ ఒక్క చోట చూపిస్తుంది. పాత పద్ధతిలో ఇంత తేటగా ఎప్పుడూ లేదు.

అయితే దీనిలోనూ ఒక మెలిక ఉంది. దీని సొంత ఫైలు రిజాల్వ్‌డ్.కాన్ఫ్‌లో డీఎన్ఎస్ అని ఉన్న చోట 1.1.1.1 రాసి అయిపోయిందనుకుంటారు. అక్కడ రాసింది మొత్తం మిషన్‌కి వర్తించే సర్వరు, నిజమే. కానీ కేబుల్ వాళ్ళ రౌటరు ఇచ్చిన సర్వర్లు ఆ కనెక్షన్ పేరు మీద అలాగే ఉంటాయి. ఫలానా పేర్లు ఫలానా దారిన పోవాలని మీరు చెప్పకపోతే ప్రశ్న రెండు వైపులకీ పోతుంది, ముందొచ్చిన మంచి జవాబు తీసుకుంటుంది. అంటే ఎవరికి తెలియకూడదని మార్చారో వాళ్ళకి మీరడిగే ప్రతి పేరూ యథావిధిగా చేరుతూనే ఉంటుంది, కొత్తగా ఇంకొకరికి కూడా చేరుతుంది. ఒకరు వింటున్నారని బాధపడి ఇద్దరికి వినిపించినట్టు. దీనికి రెండు విరుగుళ్ళు. ఆ కనెక్షన్ సెట్టింగుల్లో ఆటోమేటిక్ డీఎన్ఎస్ తీసేయడం ఒకటి, రిజాల్వ్‌డ్.కాన్ఫ్‌లోనే డొమైన్స్ అన్న చోట ~. అని రాయడం రెండోది. ఆ టిల్డా, చుక్క కలిస్తే అర్థం, ఏ పేరైనా సరే ముందు ఈ సర్వరుకే అని.

కొట్లో కదలకుండా ఉండే డెస్క్‌టాప్‌కి మొదటిది చాలు. లాప్‌టాప్‌కి మాత్రం నేను రెండోదే పెడతాను. ఇంట్లో వైఫై, కాలేజీ వైఫై, ఫోన్ హాట్‌స్పాట్, బెంజి సర్కిల్ దగ్గర కాఫీ షాపు వైఫై, వేటికవే వేర్వేరు కనెక్షన్లు, కొత్తగా కలిసిన ప్రతిదీ తన డీఎన్ఎస్ తను తెచ్చుకుంటుంది. ఇంటి వైఫైకి మార్చిన సెట్టింగు కాఫీ షాపు దాకా రాదు. ఇంట్లో మార్చేసి ఊరంతా నిశ్చింతగా తిరిగేవాళ్ళని చాలామందిని చూశాను.

ఇంతకన్నా పెద్ద బొక్క ఐపీవీ6, అంటే పాత ఐపీవీ4 అంకెల పక్కన వచ్చిన కొత్త రకం అడ్రసులు. ఇప్పుడు మన దగ్గర ఫోన్ నెట్‌వర్కుల్లోనూ, చాలా ఫైబర్ కనెక్షన్లలోనూ అది వస్తోంది. సెట్టింగుల్లో ఐపీవీ4 అని ఒక ట్యాబు, ఐపీవీ6 అని ఇంకో ట్యాబు ఉంటాయి. అందరూ మొదటిదాంట్లో 8.8.8.8 కొట్టి మూసేస్తారు. రెండోదాంట్లో రౌటరు పంపిన డీఎన్ఎస్ లిస్టులో పక్కనే కూర్చుని ఉంటుంది, ప్రశ్నలు దానికి పోయినా మీకు తెలియదు. అందులోనూ ఆటోమేటిక్ తీసేసి, క్లౌడ్‌ఫ్లేర్ అయితే 2606:4700:4700::1111, గూగుల్ అయితే 2001:4860:4860::8888 రాయాలి. రాసేటప్పుడు విసుగొస్తుంది, ఒప్పుకుంటా.

ఇన్నీ చేశాక కూడా జవాబు మీరనుకున్నవాళ్ళే చెబుతున్నారన్న గ్యారంటీ లేదు. మామూలు డీఎన్ఎస్ ప్రశ్న 53వ పోర్టు మీద, అంటే సర్వరుకుండే 53వ నంబరు తలుపు దగ్గరికి, బట్టబయలుగా పోతుంది, దారిలో ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా పట్టుకుని 8.8.8.8 పేరుతో తామే జవాబివ్వొచ్చు. కొన్ని నెట్‌వర్కులు ఆ పని చేస్తాయి. కనుక్కోవడానికి నేను వాడే చిట్కా చాలా తేలిక. 192.0.2.1 అనే అడ్రసు పుస్తకాల్లో ఉదాహరణలు రాసుకోవడానికని విడిగా పెట్టినది, అక్కడ ఏ సర్వరూ ఉండదు. డిగ్‌తో ఆ అడ్రసుని ఏదో ఒక సైటు పేరు అడగండి. ఎవరూ పలక్కపోతే మంచిది. జవాబొచ్చిందా, మధ్యలో ఎవరో కూర్చుని అందరి తరఫునా పలుకుతున్నారన్నమాట. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఇది చేసి చూపిస్తే, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని "లేనివాడు సంతకం పెట్టినట్టుందే" అన్నారు. ఆ మాట నాకు భలే నచ్చింది.

అలాంటి చోట అంకెలు మార్చి లాభం లేదు, ప్రశ్నని కవర్లో పెట్టి, అంటే దారిలో ఎవరూ చదవలేని గుప్తలిపిలో, పంపాలి. డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ అనేది 2016లో ప్రమాణంగా వచ్చింది, 853వ పోర్టు మీద పోతుంది. సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్‌లో ఒక్క లైనుతో ఆన్ చేసుకోవచ్చు. యెస్ అని పెడితే కచ్చితం, అవతలివాడు ఎవరో రుజువు చేసే సర్టిఫికెట్ సరిగ్గా లేకపోతే జవాబే తీసుకోదు. ఆపర్చునిస్టిక్ అని పెడితే కుదిరితే కవర్లో, కుదరకపోతే మామూలుగా పంపిస్తుంది, అంటే అడ్డుకునేవాడు 853ని మూసేస్తే చాలు, మీరు పాత దారిలోకే వచ్చేస్తారు. నేను నా లాప్‌టాప్‌లో యెస్ పెట్టుకున్నాను, కొట్లలో పెట్టను. ఎందుకంటే కవరు తెగితే నెట్ ఆగుతుంది, నెట్ ఆగితే లారీ ఆగుతుంది, గుమస్తా గారికి నా సిద్ధాంతాలతో పని లేదు.

విజయవాడ స్టేషన్లో ఉచిత వైఫైతోనూ ఇదే చిక్కు. అలాంటి వైఫైలు చాలావరకు మీ ప్రశ్నల్నీ రాకపోకల్నీ దారి మళ్ళించి లాగిన్ పేజీ చూపిస్తాయి, ఓటీపీ కొట్టేదాకా బయటి సర్వర్లని అడగనివ్వవు. మీరేమో బయటి సర్వరునే అడుగుతానని భీష్మించుకుంటే ఆ పేజీ రాదు, పేజీ రాకపోతే నెట్ రాదు. కాసేపు పాత పద్ధతికి తగ్గాలి, లాగిన్ అయ్యాక మళ్ళీ పెట్టుకోవాలి. కొన్ని పాత వైఫై పరికరాలైతే 1.1.1.1 అనే అంకెని తమ లాగిన్ పేజీకే వాడేసుకునేవి, ఎందుకంటే 2018 ఏప్రిల్ ఒకటిన క్లౌడ్‌ఫ్లేర్ ఆ అంకె మీద సర్వీసు మొదలుపెట్టేదాకా దాన్ని నిజంగా వాడేవాడు ఒకడుంటాడని వాళ్ళు అనుకోలేదు.

స్పీడు మాట కూడా తేల్చేద్దాం. అడ్రసు ఎంత తొందరగా దొరికిందన్నదే డీఎన్ఎస్ చేతిలో ఉంది, ఆ తర్వాత సినిమా దిగడం, ఫైలు ఎక్కడం దాని పరిధిలో లేవు. పైగా మార్చడం వల్ల నెమ్మదించే సందర్భం కూడా ఉంది. పెద్ద వీడియో సర్వీసులు తమ సరుకుని ఊళ్ళ దగ్గర పెట్టుకుంటాయి, చాలాసార్లు ప్రశ్న అడిగిన డీఎన్ఎస్ సర్వరు ఎక్కడుందో చూసి దగ్గరి గోడౌను అడ్రసు ఇస్తాయి. కేబుల్ వాళ్ళ సర్వరు అయితే వాళ్ళ నెట్‌వర్కులోనే ఉన్న గోడౌను దొరకొచ్చు. బయటి సర్వరుకి మారితే ఇంకెక్కడిదో ఇవ్వొచ్చు. దీనికోసమే గూగుల్ మీ కనెక్షన్ అంకెల అడ్రసులో కొంత భాగాన్ని అవతలి సర్వరుకి చెబుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ మీ ప్రైవసీ కోసమని చెప్పదు. ఏది మంచిదని నన్నడిగితే, మీకు యూట్యూబు ముఖ్యమా గుట్టు ముఖ్యమా అని నేను తిరిగి అడుగుతాను. కేబుల్ వాళ్ళ సర్వరు బాగా పనిచేస్తూ, ఆ 192.0.2.1 పరీక్షలో నెగ్గితే, మార్చొద్దని కూడా చెబుతాను. చెప్పాను కూడా, "మరి నిన్ను పిలిచిందెందుకు" అన్నట్టు చూశారు.

గుట్టు గురించి కూడా గొప్పలు పోవద్దు. కవర్లో పెట్టి పంపినా, ఆ తర్వాత మీరు ఏ అడ్రసుకి వెళ్తున్నారో నెట్ ఇచ్చేవాళ్ళకి కనిపిస్తుంది, చాలా సైట్ల విషయంలో కనెక్షన్ మొదట్లోనే పేరు కూడా కనిపిస్తుంది. ప్రభుత్వం ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కిందో, కోర్టు ఆర్డరు మీదో బ్లాక్ చేయించిన సైట్లు కొన్ని నెట్‌వర్కుల్లో డీఎన్ఎస్ దగ్గర ఆగుతాయి, కొన్నిటిలో ఆ పేరు చూసి ఆగుతాయి. కాబట్టి కొత్త సినిమా ఫ్రీగా చూడ్డానికి 8.8.8.8 పెట్టుకునే బాబులూ, అది పనిచేసిందంటే మీ తెలివి కాదు, వాళ్ళ బద్ధకం. గాంధీనగర్ సినిమా డిస్ట్రిబ్యూటర్లు నన్ను తిట్టుకోకముందే ఈ సంగతి ఇక్కడితో ఆపుతాను.

ఎవర్ని ఎంచుకోవాలన్నది అందుకే చదివి తేల్చుకోవలసిన పని. గూగుల్ 2009 డిసెంబరు నుంచి ఈ సర్వీసు నడుపుతోంది, మీ కనెక్షన్ పూర్తి అడ్రసు ఉండే రికార్డులు 24 నుంచి 48 గంటల్లో చెరిపేస్తానని తన విధానంలో రాసుకుంది. క్వాడ్9 లాభాపేక్ష లేని సంస్థ, 2021లో స్విట్జర్లాండ్‌కి మారింది, 9.9.9.9 మోసపు సైట్ల పేర్లకి జవాబివ్వదు. నేను కొట్లలో దీన్ని మొదటి వరసలో పెట్టడానికి కారణం అదే. గుమస్తా గారు ఏ లింకు వచ్చినా నొక్కుతారు. పిల్లలున్న ఇళ్ళకి క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.3 ఉంది, పెద్దల సైట్లు కూడా ఆపుతుంది. ఎవర్నీ నమ్మనంటే అన్‌బౌండ్ అనే ప్రోగ్రాము మీ మిషన్లోనే పెట్టుకుని, పేర్ల వ్యవస్థకి మొదట్లో ఉండే రూట్ సర్వర్ల దగ్గర్నుంచి మీరే వరసగా అడుగుతూ పోవచ్చు. అప్పుడు మీ ప్రశ్నలన్నీ ఒకే కంపెనీ దగ్గర పోగవ్వవు, కానీ ఆ ప్రశ్నలు కవర్లేకుండా పోతాయి కాబట్టి నెట్ ఇచ్చేవాళ్ళకి అన్నీ కనిపిస్తాయి. అన్నీ ఒకే చోట దొరకవు, ఏదో ఒకటి వదులుకోవాలి.

ఈ మాట అంటే "ఇంత గోల ఎందుకు, రౌటర్లో ఒక్కసారి మార్చేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుందిగా" అంటారు. కేబుల్ వాళ్ళిచ్చిన రౌటరు పాస్‌వర్డు మీ దగ్గరుందా? చాలా ఇళ్ళలో ఉండదు. ఉన్నా, వాళ్ళు దూరం నుంచి దాన్ని అప్‌డేట్ చేసినప్పుడు మీరు రాసింది ఉంటుందో లేదో చూసుకునేదెవరు? సొంత రౌటరైతే సరే, చేసుకోండి, ఫోన్లకీ టీవీలకీ అదే మంచి దారి. కాకపోతే లినక్స్ మిషన్లో మారిందో లేదో రిజాల్వ్‌సీటీఎల్‌తో చూడటం మాత్రం మానకండి.

ఇంకో రకం వాళ్ళుంటారు, దేనికైనా డీఎన్ఎస్సే మందనేవాళ్ళు. 2021 అక్టోబరు 4 రాత్రి గుర్తుందా? మన టైము తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. నాకు ఆ రాత్రి వచ్చిన ఫోన్లలో సగం మంది అప్పటికే 8.8.8.8 పెట్టేసి, అది పనిచేయక చేశారు. ఫేస్‌బుక్ వాళ్ళ సొంత డీఎన్ఎస్ సర్వర్లకి వెళ్ళే దారులే ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయి. జవాబు తెలిసినవాడే కనిపించనప్పుడు గూగుల్ అయినా, కేబుల్ వాళ్ళయినా చేసేదేముంది? ఆరు గంటల దాకా ఎవరి దగ్గరా మందు లేదు. 2025 జూలైలో 1.1.1.1 ఒక గంటసేపు ఆగినప్పుడు మాత్రం, రెండో వరసలో వేరే కంపెనీ సర్వరు రాసుకున్నవాళ్ళు బయటపడ్డారు. కొట్లలో 9.9.9.9 కింద అదే సంస్థది ఇంకోటి రాయకుండా 1.1.1.1 రాస్తున్నది అందుకే, రెండూ ఒకే ఇంటివైతే ఒకేసారి పడుకుంటాయి.

పటమట వాడు మాత్రం ఇప్పటికీ తాళమే వేస్తాడు. మొన్న ఇద్దరం విజయవాడ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు వాడి లాప్‌టాప్‌లో వైఫై లాగిన్ పేజీ రాలేదు. తాళం తీయరా అన్నాను. తీయకుండా ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసుకుని, "నీ వైఫై నువ్వే ఉంచుకో" అన్నాడు.